ఎచ్చెర్ల నుంచి అండమాను ఎంత దూరం?

శ్రీకాకుళం పట్నం దాటి విశాఖపట్నం వైపుకు పోయే పెద్దరోడ్డు మీద ఎచ్చెర్ల అనే ఊరున్నది. చెన్నైనీ కలకత్తానూ కలిపే రోడ్డు ఇదే. పగలనక రాత్రనక దీనిమీద లారీలూ బస్సులూ పోతూనే ఉంటాయి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్నది కూడా ఈ ఊళ్లోనే. రోడ్డు వదిలి దక్షిణంగా కొంత దూరం పోతే సముద్రం వస్తుంది. ఆ ఒడ్డున బుడగట్లపాలెం మొదలైన జాలరి పల్లెలున్నాయి. అక్కడ ఇసుకలో నిలబడి చూస్తే కనుచూపు మేర నీళ్లు తప్ప మరేమీ కనిపించదు.

ఆ నీళ్లకు అవతల ఏమున్నది? ఆగ్నేయ దిక్కుగా చెయ్యి చాపి, ఆ చెయ్యి చూపిన దారినే పోతే అండమాను దీవులు వస్తాయి.

ఈ తీరంలో ఎవరినైనా సరే, "అండమాను ఎంత దూరం?" అని అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెబుతారు. బడిలో మేష్టారిని అడిగితే పటం కేసి చూసి, "పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు," అంటారు. వెనుకటి కాలంలో ఓడెక్కి వెళ్లివచ్చిన మామ్మను అడిగితే, "రెండు రేత్రుల దూరం, బాబూ," అంటుంది. విమానంలో వచ్చిన బావను అడిగితే, "ఎంతో లేదురా, రెండు గంటలు," అంటాడు.

ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజం? ముగ్గురి మాటా నిజమే. ఎలాగో చూద్దాం.

ముందుగా, ఇంత మందికి అండమానుతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం ఎన్నో కుటుంబాలు ఆ దీవులకు వెళ్లి స్థిరపడ్డాయి. వారిలో చేపలు పట్టేవారున్నారు, కూలిపనికి వెళ్లినవారున్నారు, వ్యాపారాలు చేసుకునేవారున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నవారు దాదాపు 3 లక్షల 80 వేల మంది. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అంటే సుమారు 50 వేల మంది! అక్కడి ముఖ్యపట్టణంలో జంగ్లీఘాట్ అనే పేట ఉన్నది. ఆ పేటలో తెలుగు జాలరి కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఆ పట్టణానికి చాలా కాలంగా పోర్ట్ బ్లెయిర్ అని పేరు. 1789లో ఆ తీరాన్ని కొలిచిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి పేరు అది. 2024 సెప్టెంబరులో భారత ప్రభుత్వం దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది. పాత పేరే ఇంకా చాలామంది నోట ఉన్నది కనక మనం కూడా ఇక్కడ పోర్ట్ బ్లెయిర్ అనే అందాం. ఇంగ్లీషు వాళ్లు 1858లో అక్కడ ఖైదీల వలస పెట్టారు. 1906 నాటికి సెల్యులార్ జైలు కట్టడం ముగించారు. ఆ రోజుల్లో "నల్లనీళ్లు దాటటం" అంటే తిరిగి రాని చోటికి పోవటమని జనం భయపడేవారు. దూరాన్ని వాళ్లు మైళ్లతో కొలవలేదు. తిరిగి వస్తామా, రామా అన్న దానితో కొలిచారు.

ఇప్పుడు మనం కొలతలతో లెక్క కడదాం. ఎచ్చెర్లకు విమానాశ్రయం లేదు. దగ్గరలో చాలాకాలంగా ఉన్న విమానాశ్రయం విశాఖపట్నానిది. మన లెక్కకు ఒక చివర విశాఖపట్నం, రెండో చివర పోర్ట్ బ్లెయిర్. ఢిల్లీ విమానాశ్రయానికి నాలుగు రన్‌వేలున్నాయి. రన్‌వే అంటే విమానం పరుగెత్తి పైకి లేచే బాట. మన రెండు చోట్లా ప్రయాణీకుల విమానాలకు ముఖ్యమైనది ఒక్కొక్కటే బాట. విశాఖపట్నం బాట పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. పోర్ట్ బ్లెయిరు బాట అంతకంటె కాస్త పొడుగు. రెండు చోట్లా నౌకాదళం విమానాలూ, ప్రయాణీకుల విమానాలూ ఒకే బాటను వాడుకున్నాయి. రెండు ఊళ్లకూ చుట్టూ కొండలున్నాయి, పక్కనే సముద్రమున్నది. అక్కచెల్లెళ్లలాగా ఇంత పోలిక గల ఈ రెండింటి మధ్య బంగాళాఖాతం పడి ఉన్నది.

భూమి మీద ఏ చోటుకైనా రెండు అంకెలతో చిరునామా చెప్పవచ్చు. ఒకటి అక్షాంశం, అంటే భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన గాని, దక్షిణాన గాని ఉన్నామన్నది. రెండోది రేఖాంశం, అంటే ఇంగ్లండులోని గ్రీనిచ్‌కు ఎంత తూర్పున గాని, పడమర గాని ఉన్నామన్నది. విశాఖపట్నం విమానాశ్రయం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం 11.6 డిగ్రీల ఉత్తరం, 92.7 డిగ్రీల తూర్పు. పెద్ద అంకెల్లో నుంచి చిన్న అంకెలు తీసివేయండి. మనం 6.1 డిగ్రీలు దక్షిణానికీ, 9.5 డిగ్రీలు తూర్పుకూ పోవాలన్నమాట.

అక్షాంశం ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే. రేఖాంశం సంగతి అలా కాదు. రేఖాంశ రేఖలన్నీ ధ్రువాల దగ్గర ఒక చోట కలుసుకుంటాయి. నారింజపండు తొనల మధ్య గీతలు చూడండి, తొడిమ దగ్గరికి పోయేకొద్దీ దగ్గర పడతాయి. అందువల్ల భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లున్న రేఖాంశపు డిగ్రీ మన ప్రాంతానికి వచ్చేసరికి సుమారు 107 కిలోమీటర్లకు తగ్గుతుంది.

ఇక హెచ్చవేయండి. దక్షిణానికి 6.1 × 111 = 677 కిలోమీటర్లు. తూర్పుకు 9.5 × 107 = దాదాపు 1,017 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. మనకు కావలసింది వాటికి ఎదురుగా ఉన్న కర్ణం. ప్రతి భుజాన్నీ దానితోనే హెచ్చవేసి, ఆ రెంటినీ కూడి, వర్గమూలం తీస్తే సుమారు 1,220 వస్తుంది. పటం మీద అడుగైనా వేయకుండా మేష్టారు చెప్పిన జవాబు మనకు దొరికింది!

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. భూమి గుండ్రం కదా, చదునైన త్రిభుజం దాని మీద ఎలా కుదురుతుంది? నారింజపండు తొక్క నుంచి చిన్న ముక్క కోస్తే అది దాదాపు చదునుగానే ఉంటుంది, పెద్ద ముక్క కోస్తే వంపు తెలుస్తుంది. 1,220 కిలోమీటర్లంటే భూమి లెక్కన చిన్న ముక్కే. చాలా పెద్ద దూరాలకు మటుకు ఈ లెక్క పనికిరాదు. మీ బడిలో గ్లోబు ఉంటే హైదరాబాదు మీద ఒక వేలు, అమెరికాలోని షికాగో మీద ఒక వేలు పెట్టి, మధ్య దారం బిగించి పట్టండి. దారం పడమటికి పోకుండా ఉత్తర ధ్రువం వైపుకు పోతుంది. అన్నిటికంటె దగ్గర దారి అదే.

దూరం తెలిసింది. ఇప్పుడు కాలం సంగతి. పెద్ద జెట్ విమానం ఆకాశంలో స్థిరంగా పోయేటప్పుడు గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 1,220ని 800తో భాగిస్తే గంటన్నర వస్తుంది. మరి బావ రెండు గంటలన్నాడేం? విమానం బయలుదేరగానే ఆ వేగం అందుకోలేదు. ముందు నేల మీద మెల్లగా దొర్లుకుంటూ బాట చివరికి పోవాలి. లేచిన తరువాత పది కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కాలి. దిగబోయే ముందు వేగం తగ్గించుకోవాలి, బాటకు ఎదురుగా వచ్చేలా తిరగాలి. వీటికంతటికీ కలిపి అరగంట వేసుకోవచ్చు. బావ లెక్క సరిపోయింది.

గాలి కూడా ఈ లెక్కను కాస్త మార్చుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి ఎదురైతే విమానం నేల మీద లెక్కన గంటకు 740 కిలోమీటర్లే పోతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 860 పోతుంది. మన దారిలో ఆ రెంటికీ తేడా సుమారు పద్నాలుగు నిమిషాలు. వానకారులో ఒక విచిత్రమున్నది. నేల మీద గాలి నైరుతి నుంచి వీస్తుంటే, చాలా ఎత్తున మటుకు తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి ప్రవహిస్తూ ఉంటుంది. ఈ తూర్పు గాలి ప్రవాహాన్ని గురించి మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరించారు. కింద పడవ తెరచాపకు సాయం చేసే రోజుల్లోనే, పైన అదే దిక్కుకు పోయే విమానానికి ఎదురుగాలి తగలవచ్చునన్నమాట!

దీవికి పోయే విమానానికి మరొక చిక్కున్నది. హైదరాబాదులో దిగటానికి వీలు కాకపోతే చుట్టుపక్కల మరో విమానాశ్రయానికి పోవచ్చు. పోర్ట్ బ్లెయిరు చుట్టూ ఉన్నది సముద్రం. అక్కడ మబ్బు కమ్మి, వాన కొట్టి, బాట కనిపించక, విమానాలు తిరిగి చెన్నైకో కలకత్తాకో పోయిన రోజులున్నాయి. అందువల్ల అటు పోయే విమానం వెళ్లటానికి సరిపడే చమురుతో బయలుదేరితే చాలదు. దిగలేకపోతే మరో చోటు చేరటానికి కావలసిన చమురు కూడా మోసుకుపోవాలి. జాలరులు వేటకు పోయేటప్పుడు తిరుగుప్రయాణానికి కావలసిన నూనె, నీళ్లు చూసుకునే బయలుదేరుతారు. విమానం నడిపేవారిదీ అదే జాగ్రత్త.

ఇంతవరకూ విశాఖపట్నం నుంచి లెక్క కట్టాం. కాని మన ప్రయాణం మొదలయ్యేది ఎచ్చెర్లలో కదా! ఎచ్చెర్ల నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి రోడ్డు మీద సుమారు నూరు కిలోమీటర్లు. చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, భోగాపురం దాటి, పట్నంలో బళ్ల రద్దీ గడిచి చేరేసరికి రెండు గంటలు పడుతుంది. ఎంత వింతో చూశారా? నూరు కిలోమీటర్ల రోడ్డుకు రెండు గంటలు, 1,220 కిలోమీటర్ల సముద్రానికీ రెండు గంటలే! మధ్యలో సామాను తూయించటానికి, తనిఖీకి, ఎదురుచూడటానికి మరో రెండు గంటలు. మొత్తం ఆరు గంటలయింది. ఇందులో ఆకాశంలో గడిపేది మూడో వంతే.

విజయనగరం జిల్లా భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయానికి 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగింది. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. భోగాపురం ఎచ్చెర్లకు విశాఖపట్నం దారిలో సగం దూరంలోనే ఉన్నది. అక్కడ విమానం ఎక్కే ఎచ్చెర్ల వాడికి రోడ్డు ప్రయాణం సగానికి సగం తగ్గుతుంది. విమానం వేగం ఏమీ పెరగకుండానే అండమాను ఒక గంట దగ్గరికి జరుగుతుంది!

అయితే రెండు విమానాశ్రయాలున్నంత మాత్రాన వాటి మధ్య ప్రతిరోజూ సరాసరి విమానం ఉండాలని లేదు. సరాసరి విమానం లేని రోజున చెన్నై మీదుగా గాని, కలకత్తా మీదుగా గాని పోవాలి. విశాఖపట్నం నుంచి చెన్నై సుమారు 620 కిలోమీటర్లు, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,370. రెండూ కలిపితే దాదాపు 1,990. కలకత్తా మీదుగా పోతే ఇంకా ఎక్కువ, సుమారు 2,080. పైగా మధ్యలో రెండో విమానం కోసం కాచుకుని ఉండాలి. రెండు గంటల దూరం కాస్తా ఒక పూట అవుతుంది, ఒక్కొక్కప్పుడు రోజంతా అవుతుంది.

ఇక మామ్మ చెప్పిన "రెండు రేత్రుల" సంగతి. ప్రయాణీకుల ఓడ గంటకు సుమారు 22 కిలోమీటర్లు పోతుందనుకుందాం. 1,220ని 22తో భాగించండి, 55 గంటలు దాటుతుంది. అంటే రెండు పగళ్లు, రెండు రాత్రులు, ఆ పైన మరికొంత. ఓడ కూడా రోజూ ఉండదు. ఒకటి పోయిన తరువాత మళ్లీ వచ్చేదాకా ఎన్నో రోజులు కాచుకోవాలి. పల్లెలో తల్లికి జబ్బు చేసిందని కబురు అందినా, వెనుకటి కాలంలో అండమానులో ఉన్న కొడుక్కి ఓడ దొరకాలి, సముద్రం దాటాలి, ఒడ్డు చేరి ఊరికి రావాలి. అందరూ ఆఖరి చూపుకు అందుకునేవారు కారు. విమానం టిక్కెట్టుకు డబ్బు లేనివారికి ఈనాటికీ అండమాను రెండు రాత్రుల దూరంలోనే ఉన్నది. పటంలో గీత అందరికీ ఒక్కటే, దూరం మటుకు ఒక్కటి కాదు.

ఇదే దారిలో ప్రయాణం చేసిన మరొకదాన్ని గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో అండమాను సముద్రంలో హుద్‌హుద్ తుఫాను పుట్టింది. అక్టోబరు 8న అది అండమాను దీవులు దాటింది. 12వ తేదీన విశాఖపట్నం దగ్గర తీరాన్ని తాకింది. విమానం రెండు గంటల్లో దాటే సముద్రాన్ని తుఫాను నాలుగు రోజుల్లో దాటింది. 1,200 కిలోమీటర్లను 96 గంటలతో భాగిస్తే గంటకు పన్నెండున్నర కిలోమీటర్లు, సైకిలు తొక్కేవాడి వేగం! తుఫాను లోపల సుడి తిరిగే గాలి వేగం మటుకు గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉన్నది. బొంగరం గిర్రున తిరుగుతూనే మెల్లగా జరగదూ? అలాగే ఇదీను. ఆ గాలికి విశాఖపట్నం విమానాశ్రయం బాగా దెబ్బతిన్నది, కొన్ని రోజులపాటు విమానాలు ఆగిపోయాయి. కాని తుఫాను మెల్లగా వస్తున్నదనీ, ఎటు వస్తున్నదనీ ఉపగ్రహాల వల్ల ముందే తెలిసింది. పడవలను ఒడ్డుకు పిలిపించటానికీ, తీరంలోని జనాన్ని భద్రమైన చోట్లకు చేర్చటానికీ వ్యవధి దొరికింది. కొడుకు రావాలని కాచుకునే తల్లికి శత్రువైన దూరం, తుఫాను వచ్చేటప్పుడు ఊరంతటికీ చుట్టమయింది.

ఇంకొక చిన్న వింత. ఎచ్చెర్లలోనూ పోర్ట్ బ్లెయిరులోనూ గడియారాలు ఒకే సమయం చూపుతాయి. దేశమంతటికీ 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క కట్టిన సమయమే గనుక. సూర్యుడు ఈ ఏర్పాటును లెక్కచేయడు! భూమి ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. ఎచ్చెర్లకు పోర్ట్ బ్లెయిరు దాదాపు 9 డిగ్రీలు తూర్పున ఉన్నది. కనక మార్చి 21 ప్రాంతంలో ఎచ్చెర్లలో 6 గంటలకు పొద్దు పొడిస్తే, పోర్ట్ బ్లెయిరులో 5 గంటల 24 నిమిషాలకే పొడుస్తుంది. ఇక్కడి పిల్లలు ఇంకా ముసుగు తీయకముందే అక్కడి పిల్లల కళ్లలో ఎండ పడుతుంది.

కాబట్టి ఎవరైనా "ఫలానా ఊరు ఎంత దూరం?" అని అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకోకండి. కిలోమీటర్లెన్ని, వేగమెంత, విమానం దగ్గరికి చేరటానికి ఎంతసేపు, తరువాతిది ఎప్పుడు, ఈ నాలుగూ తెలిస్తేనే జవాబు పూర్తవుతుంది.

ఇప్పుడు మీకొక లెక్క. రాజమండ్రి విమానాశ్రయం 17.1 డిగ్రీల ఉత్తరం, 81.8 డిగ్రీల తూర్పు మీద ఉన్నది. కడప విమానాశ్రయం 14.5 డిగ్రీల ఉత్తరం, 78.8 డిగ్రీల తూర్పు. ఈ రెండూ కూడా చిన్న విమానాశ్రయాలే. వాటి మధ్య దూరమెంత? గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానం ఆ దూరాన్ని ఎంతసేపట్లో దాటుతుంది? ఎక్కటానికి, దిగటానికి అరగంట కలపటం మరచిపోకండి. మీకు 430 కిలోమీటర్లకు దగ్గరగా, గంటా ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా వస్తే మీ లెక్క సరిగా ఉన్నట్టే. ఆ తరువాత మీ చుట్టాలున్న ఊరు ఒకటి ఎన్నుకుని, మీ ఇంటి గుమ్మం నుంచి వాళ్ల ఇంటి గుమ్మం దాకా ఎంతసేపు పడుతుందో మీ అమ్మానాన్నలతో కూచుని లెక్క కట్టండి.